మీకు తెలుసా? ఒక్క పెన్షన్ చెక్కు... రెండు జీవితాలు!

ఒకే మనిషి. ఒకే జీతం. ఒకే సర్వీసు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ పెన్షన్ 62 ఏళ్లకు అడిగితే ఒక లెక్క, 70కి అడిగితే ఇంకో లెక్క! తేడా ఎంతో ఊహించండి. 1960లోనో, ఆ తర్వాతో పుట్టినవాళ్లకైతే అక్షరాలా 77 శాతం! నెలనెలా, బతికినంత కాలం 77 శాతం ఎక్కువ!

అసలు రహస్యం అది కాదు. కాస్త దగ్గరికి రండి! ఆ పెద్ద చెక్కు ఆయనతో పోదు. ఆయన పోయాక భార్యకు అదే మొత్తం వస్తుంది. నూటికి 100 పాళ్లు! ఆగి తెచ్చుకున్న పెంపుతో సహా! ఆయన పట్టిన ఓపిక ఇద్దరికీ పనికొచ్చిందన్నమాట!

పిన్ని, బాబాయి లెక్క

న్యూజెర్సీలో ఒక పిన్ని, బాబాయి ఉన్నారనుకుందాం. ఇద్దరిదీ ఒకే వయసు. బాబాయికి 67 ఏళ్లకు రావాల్సింది నెలకు 3,000 డాలర్లు. కోతా లేదు, పెంపూ లేదు, అందుకే 67ని పూర్తి వయసు అంటారు. తొందరపడి 62కే అడిగితే? 2,100! 70 దాకా ఆగితే? 3,720! కాగితం మీద ఒక్క తేదీ మారింది, అంతే!

పిన్ని కూడా ఉద్యోగం చేసింది. పూర్తి వయసుకు ఆమె సొంత పెన్షన్ 1,200 డాలర్లు. కానీ ఆమెకు 1,500 వస్తుంది! ఎలా? భర్త పూర్తి మొత్తంలో సగం దాకా భార్యకు ఇస్తారు. తనది తక్కువైతే మిగతాది కలుపుతారు. ఇక్కడ ఆ కలిపేది 300!

ఇక్కడ ఒక మెలిక! బాబాయి 70 దాకా ఆగి 3,720 తెచ్చుకున్నా, పిన్నికి సగం లెక్క కట్టేది 3,000 మీదే! ఆయన ఓపిక ఆమె సగాన్ని ఒక్క డాలరు కూడా పెంచదు. పెంచేది ఆయన పోయాక వచ్చే పెన్షన్‌నే! బతికుండగా సగం, పోయాక మొత్తం. రెండూ వేరువేరు లెక్కలు!

ఇంకో మెలిక చెప్పనా? బాబాయి అడగనంత వరకు పిన్నికి ఆ పైన కలిపే 300 రాదు! ఆయన 70 దాకా ఆగితే ఆమె సొంత 1,200తోనే సరిపెట్టుకోవాలి. 67 నుంచి 70 దాకా 36 నెలలు! ఆ నెలల్లో పోయేది 10,800 డాలర్లు. ఆ తర్వాత వచ్చేది చూస్తే ఇది చిన్న ఖర్చే!

ఇప్పుడు గుండె చిక్కబట్టుకోండి. ఇద్దరూ ఉన్నప్పుడు ఇంటికి రెండు చెక్కులు. ఒకరు పోగానే ఒకటే! పెద్దది ఉంటుంది, చిన్నది మాయం. పిన్ని, బాబాయి ఇంట్లో నెలకు 5,220 వచ్చేది ఒక్కసారిగా 3,720 అవుతుంది. అద్దె సగం కాదు, కరెంటు బిల్లు సగం కాదు! పెన్షన్ మాత్రం 1,500 తగ్గింది!

మరి బాబాయి 62కే తీసేసుకుని ఉంటే? పిన్నికి 2,100 మాత్రమే మిగులుతుందనుకుంటున్నారా? కాదు! చట్టం ఒక అడ్డుకట్ట కట్టింది. ఆయన పూర్తి మొత్తంలో 82.5 శాతం కన్నా కిందికి కోయరు! అంటే 2,475. ఆమె వయసు అందుకు చాలినంత ఉంటే చాలు. ఆయన తీసుకున్నదాని కన్నా ఆమెకు ఎక్కువ!

సంతోషించే ముందు రెండూ పక్కపక్కన పెట్టండి. తొందరపడ్డ బాబాయి వదిలి వెళ్లింది 2,475. ఆగిన బాబాయి వదిలి వెళ్లింది 3,720. ఏడాదికి తేడా 14,940 డాలర్లు! పిన్ని ఇంకో పదిహేనేళ్లు ఉంటే? మీరే గుణించుకోండి!

ఎవరు ఆగాలి? ఎవరు ముందు తీసుకోవాలి?

పిన్ని మాత్రం 62కే తీసుకోవచ్చు! ఆమె సొంత చెక్కుకు 30 శాతం కోత పడుతుంది, నిజమే. కానీ ఆ కోత ఎన్నాళ్లు? ఇద్దరిలో ఒకరు పోయేదాకానే! ఆ తర్వాత చిన్న చెక్కు ఎలాగూ ఆగిపోతుంది. పూర్తి వయసు దాటాక ఆమెకు వచ్చే బాబాయి పెన్షన్‌కు ఆ 30 శాతం అంటుకోనే అంటుకోదు!

లాభనష్టాల గీత ఎక్కడో తెలుసా? 67కి తీసుకోవడమా, 70కా? ఏటేటా ధరల పెంపు పక్కన పెట్టి లెక్క వేస్తే, 82న్నర ఏళ్లు! అంతకు మించి బతికితే ఆగినవాళ్లదే గెలుపు. "నేను అంతకాలం ఉంటానా?" అని బాబాయి అడుగుతాడు. తప్పు ప్రశ్న! ఇద్దరిలో ఒక్కరైనా అంతకాలం ఉంటారా? అదీ అడగాల్సింది!

"ఆగుతూ ఆగుతూ మధ్యలోనే పోతే అంతా బూడిదేగా?" కాదు! బాబాయి 69 నిండాక, ఇంకా అడగకుండానే పోయాడనుకోండి. అప్పటిదాకా పోగైన పెంపు మొత్తం పిన్నికే. పూర్తి మొత్తం మీద 16 శాతం ఎక్కువ! ఆయన ఒక్క చెక్కు కూడా చూడలేదు. అయినా ఆ ఓపిక వృథా కాలేదు!

64లోనే, అడగకముందే పోతే? అప్పుడూ ఆశ్చర్యమే! తొందరపడ్డ కోత ఏదీ ఆయన లెక్కకు పడదు. పూర్తి మొత్తం 100 శాతం ఆధారంగానే పిన్నికి లెక్క కడతారు. అడగకుండా పోయినవాళ్ల మీద చట్టానికి ఎంత దయో!

ధరలతో పాటు పెన్షన్ పెరుగుతుందని అందరికీ తెలుసు. కానీ ఇంకా అడగనివాళ్లకూ ఆ పెంపు కలుస్తుందని తెలుసా? 2023లో ఆ పెంపు 8.7 శాతం! 62 దాటి ఓపిగ్గా కూర్చున్నవాళ్ల ఖాతాలోనూ అది చేరిపోయింది! ఆగితే ధరల పెంపు పోతుందన్న భయం అక్కర్లేదు.

తొందరపడి అడిగేశారా? వెనక్కి తీసుకోవచ్చు! మంజూరైన 12 నెలల లోపు, జీవితంలో ఒక్కసారి. తీసుకున్నదంతా తిరిగి కట్టేయాలి, అంతే. అసలు అడగనట్టే లెక్క! మళ్లీ 70 దాకా ఆగొచ్చు!

12 నెలలు దాటిపోయాయా? ఇంకో దారి ఉంది! పూర్తి వయసు వచ్చాక పెన్షన్‌ను మీరే ఆపించుకోవచ్చు. ఆపిన ప్రతి ఏడాదికీ 8 శాతం పెరుగుతుంది. 62కి పోగొట్టుకున్నది మొత్తం రాదు. కొంతైనా వస్తుంది, భార్యకూ అందుతుంది!

ఇది జాగ్రత్తగా వినండి! 69లో పెన్షన్ అడగడానికి వెళ్తే ఆఫీసులో ఒక మాట అడగొచ్చు: "వెనక 6 నెలల డబ్బు ఒకేసారి కావాలా?" చేతికి ఇరవై వేల డాలర్ల దాకా! ఎవరికి చేదు? కానీ తీసుకుంటే మీరు 6 నెలల ముందే అడిగినట్టు! ఆ మేరకు నెలనెలా తగ్గేది మీకే కాదు, మీ తర్వాత మీ ఆవిడకు కూడా!

రెండు తలుపుల చిట్కా

సొంత పెన్షన్, భర్త పోయాక వచ్చే పెన్షన్... రెండూ ఒకేసారి తీసుకోనక్కర్లేదు! 60 ఏళ్లకే భర్త తాలూకు పెన్షన్ మొదలుపెట్టొచ్చు. 71.5 శాతం వస్తుంది. తన సొంతది ముట్టుకోకుండా 70 దాకా పెంచుకుని, అప్పుడు దానిలోకి మారిపోవచ్చు!

తిరగేసినా పని చేస్తుంది! తన సొంతది చిన్నదైతే 62కే దాన్ని తీసుకోవాలి. భర్త తాలూకు పెద్దది పూర్తి వయసుకు తీసుకోవాలి. ముందు తీసుకున్న చిన్నదాని కోత పెద్దదానికి పాకదు. పెద్దది 100 శాతం చేతికొస్తుంది!

భర్త బతికుండగా మాత్రం ఈ ఆట సాగదు! 1954 జనవరి 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు ఒకటి అడిగితే రెండూ అడిగినట్టే. 2015లో వచ్చిన చట్టం ఆ తలుపు మూసేసింది. విచిత్రం! భర్తను లేదా భార్యను పోగొట్టుకున్నవాళ్లకు మాత్రం తలుపు తెరిచే ఉంచింది!

అందుకే దరఖాస్తు రాసేటప్పుడు ఒక్క వాక్యం మరవకండి. "ఇప్పుడు భర్త తాలూకు పెన్షన్ మాత్రమే కావాలి, నా సొంతది తర్వాత అడుగుతాను." ఆ వాక్యం విలువ సొంత పెన్షన్‌లో 24 శాతం! 67 నుంచి 70 దాకా పెరిగే వాటా అంత మరి!

పూర్తి వయసు ఒక్కటే అనుకుంటున్నారా? రెండు! 1960లో పుట్టిన ఆవిడకు తన సొంత పెన్షన్‌కు పూర్తి వయసు 67. భర్త తాలూకు దానికి? 66 ఏళ్ల 8 నెలలు! ఒకే మనిషికి రెండు పట్టికలు! ఆ 4 నెలలు ఊరికే కాచుకుని కూర్చోనక్కర్లేదు!

ఇంకా వింతైనది చెప్పనా? భర్త 62కే పెన్షన్ తీసుకుని పోయాడనుకోండి. ఆవిడ 67 దాకా ఆగితే ఇంకా పెరుగుతుందా? పెరగదు! 82.5 శాతం దగ్గరే ఆగిపోతుంది. ఆ గీతను ఆవిడ సుమారు 62 ఏళ్ల 9 నెలలకే తాకుతుంది! ఆ పైన ఆగితే ఒక్క సెంటు కూడా కలవదు! "ఆగితే లాభం" అన్న సూత్రం ఇక్కడ తలకిందులు!

ఉద్యోగం చేస్తూ 60కే తీసుకుంటే ఒక కత్తెర ఉంది. 2025లో సంపాదనకు గీత 23,400 డాలర్లు. పూర్తి వయసు రాకముందు సంపాదన దానికి మించితే, పైన ప్రతి 2 డాలర్లకు 1 డాలరు పెన్షన్ ఆపేస్తారు! మంచి జీతం వస్తుంటే ఆ ఏళ్లలో అడగడమే దండగ!

పెళ్లి, మళ్లీ పెళ్లి, విడాకులు

భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆయన పెన్షన్ పోతుందా? వయసును బట్టి! 59లో చేసుకుంటే, ఆ పెళ్లి నిలిచినంత కాలం రాదు. 60 నిండాక చేసుకుంటే? హాయిగా వస్తుంది! ముహూర్తం పెట్టేముందు పంచాంగంతో పాటు పుట్టినరోజు కూడా చూసుకోవాలన్నమాట!

ఎన్నాళ్ల కాపురానికి ఈ హక్కు వస్తుంది? మామూలుగా 9 నెలలు! అంతే! ప్రమాదంలో పోతే ఆ 9 నెలల నిబంధనకూ మినహాయింపు ఉంది. ముప్పై ఏళ్ల కాపురానికీ, ఏడాది కాపురానికీ వచ్చే శాతం ఒక్కటే!

విడిపోయినవాళ్లకు కూడా వస్తుంది! కాపురం 10 ఏళ్లు నిలిచి ఉండాలి. మాజీ భార్యకు ఇచ్చారని ఇప్పటి భార్యకు ఒక్క డాలరు తగ్గించరు! ఇద్దరికీ పూర్తి లెక్కే! పదో ఏడు దగ్గర పడుతుంటే విడాకుల తేదీ ఎంత విలువైనదో చూశారా?

పెళ్లయిందని రుజువేది? డెబ్భైల్లో గుళ్లో తాళి కట్టించుకున్న ఎందరికో సర్టిఫికెట్టే లేదు! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లి రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసిన చట్టం వచ్చిందే 2002లో! పెళ్లి నాటి శుభలేఖ, ఫోటోలు అటక మీద ఉన్నా, సర్టిఫికెట్టు ఇప్పుడే తీసుకోండి. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒకలా, సర్టిఫికెట్టులో ఇంకోలా ఉంటే అదీ ఇప్పుడే సరిచేయించుకోండి. ఇద్దరూ ఉండగా ఒక పూట పని!

తేదీల తమాషా

మార్చి 31 రాత్రి పదకొండింటికి ఒక పెద్దాయన పోయారు. మార్చి నెల పెన్షన్ వస్తుందా? రాదు! నెలంతా బతికి ఉండాలి. 31 రోజులూ! ఏప్రిల్‌లో బ్యాంకులో పడ్డా తిరిగి ఇచ్చేయాల్సిందే! ఊరట ఒక్కటే. భార్యకు వచ్చే పెన్షన్ మాత్రం ఆయన పోయిన నెల నుంచే మొదలవ్వొచ్చు!

జనవరి 1 పుట్టినరోజా? మీకో బహుమతి! సోషల్ సెక్యూరిటీ లెక్కలో మీ వయసు ముందు రోజే నిండుతుంది. కాబట్టి 1960 జనవరి 1న పుట్టినవాళ్లు 1959 వాళ్ల కింద లెక్క! పూర్తి వయసు 67 కాదు, 66 ఏళ్ల 10 నెలలు! బళ్లో వేసేటప్పుడు మాస్టారు తోచిన తేదీ రాసేసినవాళ్లు మనలో ఎందరో! ఆ ఒకటో తారీఖు అమెరికాలో ఇలా కలిసొచ్చింది!

మనిషి పోతే ఒకసారి ఇచ్చే సొమ్ము ఎంతో తెలుసా? 255 డాలర్లు! 1954లో పెట్టిన గరిష్ఠ పరిమితి అది. ధరలు ఎక్కడికో వెళ్లాయి. ఆ 255 మాత్రం కదలలేదు! అది కూడా రెండేళ్ల లోపు అడిగితేనే!

చిన్న వయసులో పోతే?

పెన్షన్ ముసలివాళ్లకే అనుకుంటున్నారా? చిన్న పిల్లల తండ్రి పోతే పిల్లలకూ వస్తుంది! ఒక్కో బిడ్డకు 75 శాతం! బిడ్డకు 16 నిండేదాకా పెంచే తల్లికీ అంతే. ఆ తల్లి వయసు ఎంతైనా సరే! మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉండాలి, అంతే.

అయితే ముగ్గురు పిల్లలకు, తల్లికి కలిపి 300 శాతమా? అంత లేదు! కుటుంబం మొత్తానికి ఒక పైకప్పు ఉంది. 150 నుంచి 188 శాతం మధ్య ఎక్కడో ఆగుతుంది. ఆ లోపే అందరూ పంచుకోవాలి!

దానికి ఎంతకాలం పని చేసి ఉండాలి? ఊపిరి బిగబట్టండి. ఏడాదిన్నర! చనిపోయే ముందు మూడేళ్లలో ఏడాదిన్నర పాటు పన్ను కట్టి ఉంటే, పిల్లలకూ వాళ్లను పెంచే తల్లికీ అర్హత రావచ్చు! "పదేళ్లు కాలేదుగా" అని అడగకుండా వదిలేయకండి. అడగందే అమ్మైనా పెట్టదు!

కొడుకు పోతే తల్లిదండ్రులకూ పెన్షన్ ఉందని తెలుసా? 62 దాటి ఉండాలి. ఖర్చుల్లో కనీసం సగం ఆ బిడ్డే భరిస్తూ ఉండాలి. ఒక్కరే ఉంటే 82.5 శాతం! ఇద్దరూ ఉంటే తలా 75! అమెరికాలో కొడుకు దగ్గరే ఉంటున్న అమ్మానాన్నలకు ఈ మాట చెప్పేవాళ్లు ఎంతమంది?

హెచ్-1బీ నుంచి హైదరాబాద్ దాకా

రిటైర్మెంట్ పెన్షన్‌కు కావాల్సింది 40 క్రెడిట్లు. ఏడాదికి నాలుగే ఇస్తారు. అంటే పదేళ్లు! 39 దగ్గర ఉద్యోగం మాని ఇండియా వచ్చేస్తే? సున్నా! ఆ ఒక్క క్రెడిట్ కోసం ఆగినవాడు తెలివైనవాడు!

ఆ నాలుగు క్రెడిట్లకు ఏడాదంతా పని చేయాలా? అక్కర్లేదు! 2025లో 7,240 డాలర్ల సంపాదనకు పన్ను కడితే నాలుగూ వచ్చేస్తాయి. ఏ నెలలో సంపాదించారన్నది లెక్కలోకే రాదు! చిన్న ఉద్యోగం చేసే భార్య కూడా పదేళ్లలో సొంత పెన్షన్ సంపాదించుకోవచ్చు!

హెచ్-1బీ మీద ఉన్నవాళ్ల జీతంలోంచి ప్రతి నెలా 6.2 శాతం సోషల్ సెక్యూరిటీకి పోతుంది. కంపెనీ ఇంకో 6.2 కడుతుంది. అమెరికాకు 30 దేశాలతో క్రెడిట్లు కలుపుకునే ఒప్పందాలున్నాయి. ఇండియాతో? లేదు! ఇక్కడి సర్వీసు అక్కడ కలవదు, అక్కడిది ఇక్కడ కలవదు!

అమెరికా పౌరసత్వం ఉన్న భార్య విజయవాడలో కూర్చున్నా పెన్షన్ వస్తుంది. పౌరసత్వం లేకపోతే? మెలిక! భర్త తాలూకు పెన్షన్ ఇండియాలో అందుకోవాలంటే మామూలుగా ఆ భర్తతో కాపురం చేస్తూ కనీసం 5 ఏళ్లు అమెరికాలో ఉండి ఉండాలి! ఆయన అక్కడ, ఆవిడ ఇక్కడ బతికిన కుటుంబాలు ఇది ముందే చూసుకోవాలి!

పౌరసత్వమూ లేదు, అమెరికాలో నివాసమూ లేదు. అప్పుడు పన్ను ఎంత పట్టుకుంటారు? పన్ను ఒప్పందంలో మినహాయింపు లేకపోతే 25.5 శాతం! పెన్షన్‌లో పావు వంతు అక్కడే ఆగిపోతుంది! గ్రీన్ కార్డు వదులుకునే ముందు ఈ లెక్క వేసుకోండి!

ఇండియాలో కొన్నేళ్ల సర్వీసుకు పెన్షన్ వస్తోందా? ఒకప్పుడు దాన్ని చూపి అమెరికా పెన్షన్ కోసేవాళ్లు! ఆ నిబంధన ఇప్పుడు లేదు. 2025 జనవరి 5న సంతకం అయిన చట్టంతో కొట్టేశారు! అదే చట్టం ఇంకో కోతనూ ఎత్తేసింది. సోషల్ సెక్యూరిటీ పన్ను పడని అమెరికా ప్రభుత్వ ఉద్యోగాల్లో రిటైరైన వితంతువులకు, వాళ్ల పెన్షన్‌లో మూడింట రెండు వంతుల మేర భర్త తాలూకు దాంట్లో తగ్గించేవాళ్లు!

ఒంటరి పన్ను, పాత ఫారాలు

భర్త పోయాక ఆదాయం తగ్గుతుంది. పన్ను? పెరగొచ్చు! పెన్షన్ మీద పన్ను మొదలయ్యే గీత జంటకు 32,000 డాలర్లు. ఒంటరివాళ్లకు 25,000! ఈ రెండు గీతలూ 1984 నుంచి ఒక్క అంగుళం జరగలేదు!

కంపెనీ ఇచ్చే రిటైర్మెంట్ పొదుపు ఖాతా 401కేలో పెళ్లికి ముందు అమ్మ పేరు రాశారా? పెళ్లయ్యాక ఆ పేరు మామూలుగా చెల్లదు! 1984 చట్టం ప్రకారం సొమ్ము భార్యకో, భర్తకో పోతుంది. వేరేవాళ్లకు ఇవ్వాలంటే వాళ్లు నోటరీ ముందో, ప్లాన్ ప్రతినిధి ముందో సంతకం పెట్టాలి! అదే సొమ్ము ఐఆర్‌ఏ ఖాతాలోకి మార్చారా? ఆ రక్షణ అక్కడ లేదు! ఫారంలో ఏ పేరుంటే ఆ పేరే!

డ్యూపాంట్ ఉద్యోగి ఒకరు విడాకులు తీసుకున్నారు. మాజీ భార్య హక్కు వదులుకున్నట్టు కోర్టు కాగితమూ ఉంది. కానీ కంపెనీ ఫారంలో పేరు మార్చలేదు! ఆయన పోయారు. పొదుపు ఖాతాలోని సుమారు 4 లక్షల డాలర్లు ఎవరికి? మాజీ భార్యకే! 2009లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అదే సరి అంది!

కోర్టుకెక్కిన భర్తలు

ఒకప్పుడు చంటిబిడ్డను పెంచే తల్లికి పెన్షన్. తండ్రికి? లేదు! 1972లో ఓ టీచరు పురిట్లో పోయారు. భర్త స్టీఫెన్ వీసెన్‌ఫెల్డ్ కోర్టుకెళ్లారు. వాదించిన లాయరు రూత్ బేడర్ గిన్స్‌బర్గ్! 1975లో తీర్పు 8-0! ఆ చంటిబిడ్డ పెద్దయ్యాక అతని పెళ్లి జరిపించింది కూడా ఆవిడే!

అప్పట్లో భార్య మీద ఆధారపడి బతికానని భర్త రుజువు చూపాలి! లేకపోతే ఆమె పెన్షన్ రాదు. భార్యలకు మాత్రం ఆ రుజువు అక్కర్లేదు! 1977లో సుప్రీంకోర్టు ఈ తేడాను 5-4తో కొట్టేసింది. ఒక్క ఓటు తేడా! ఇప్పుడు ఈ లెక్కలన్నీ పిన్నికెంతో బాబాయికీ అంతే!

భర్త పెన్షన్ మొత్తం భార్యకు మొదటి నుంచీ ఇస్తున్నారా? కాదు! 1939లో పెట్టింది ముప్పావు వంతే. 1961లో 82.5 శాతం చేశారు. 100 శాతం కావడానికి 1972 దాకా పట్టింది! అంటే 33 ఏళ్లు!

మొట్టమొదటి నెలవారీ చెక్కు అందుకున్నది ఐడా మే ఫుల్లర్. 1940లో! ఆమె కట్టిన పన్ను 24.75 డాలర్లు. నూరేళ్లు బతికి తీసుకున్నది 22,888 డాలర్ల పైచిలుకు! ఆమెకు పెళ్లి కాలేదు. కాబట్టి ఆ చెక్కు ఆమెతోనే ఆగింది!

చివరగా ఒక పెళ్లి కథ

అమెరికా అంతర్యుద్ధం ముగిసింది 1865లో. అందులో పోరాడిన ఒక సైనికుడి కూతురిగా ఐరీన్ ట్రిప్లెట్ నెలనెలా పెన్షన్ తీసుకుంటూ వచ్చారు. ఎప్పటిదాకా? 2020 దాకా! నెలకు 73 డాలర్ల 13 సెంట్లు. యుద్ధం ముగిసిన 155 ఏళ్లకు కూడా!

ఇక ఇది వినండి! 1936లో మిస్సోరీలో 93 ఏళ్ల మాజీ సైనికుడు జేమ్స్ బోలిన్ తనకు ఇంటి పనుల్లో సాయం చేసిన 17 ఏళ్ల హెలెన్ జాక్సన్‌ను పెళ్లాడారు. ఎందుకు? తన తర్వాత ఆమెకు పెన్షన్ రావాలని! ఆయన 1939లో పోయారు. ఆమె 2020 దాకా ఉన్నారు. తీసుకున్న పెన్షన్? సున్నా! ఆమె అడగనే లేదు! పెళ్లి సంగతి కూడా దశాబ్దాల పాటు బయట పెట్టలేదు!

సోషల్ సెక్యూరిటీలోనూ చాలామందికి భర్త తాలూకు పెన్షన్ దానంతట అది రాదు. ఎవరో ఒకరు ఫోన్ చేసి అడగాలి! కాబట్టి ఈ ఆదివారం ఒక పని చేయండి. అమెరికాలో ఉన్న మీవాళ్లకు ఫోన్ కలపండి. "బాబాయ్, నీ చెక్కు ఎంత?" అని కాదు. "నీ తర్వాత పిన్నికి ఎంత?" అని అడగండి! ఆ రెండో అంకె తెలిసినవాళ్లు తేదీ తప్పకుండా ఎంచుకుంటారు. తెలియనివాళ్లు 62 నిండగానే క్యూలో నిలబడతారు!